"ఉంటే నాకు తెలీదా?": సొంత నమ్మకాల మీద తర్కించే ప్రోగ్రామ్‌కి ఏ లాజిక్ ఎంచుకోవాలి

మా అమ్మకి సల్ఫా మందులు పడవు. రెండేళ్ల క్రితం ఆమెను ఒక ఆస్పత్రిలో చేర్చినప్పుడు అడ్మిషన్ ఫారంలో అలర్జీల గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ కంగారులో వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. డిశ్చార్జి రోజు కంప్యూటర్ నుంచి వచ్చిన కాగితం మీద మాత్రం 'అలర్జీలు: లేవు' అని అచ్చయింది. అదృష్టం కొద్దీ ఆ రకం మందు ఎవరూ రాయలేదు, ఏమీ కాలేదు. కానీ ఆ 'లేవు' అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ ప్రోగ్రామ్ దగ్గరున్నది 'తెలీదు'. కాగితం మీదికి వచ్చింది 'లేవు'.

తెలుగులో మనం ఈ తేడా రోజూ పాటిస్తాం. 'లేదు' వేరు, 'ఉందో లేదో తెలీదు' వేరు, 'నాకు తెలిసి లేదు' వేరు. మూడోది ఎంతో జాగ్రత్తగా అనే మాట, నేను చెప్పేది నాకు తెలిసినంత మేరకే అని హద్దు గీసుకుంటుంది. ఇంకో మాట కూడా ఉంది, ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా అనేది: 'ఉంటే నాకు తెలీదా?' పైకి ప్రశ్న, లోపల పూర్తి వాదన. ఉంటే నాకు తెలిసేది, తెలియలేదు, కాబట్టి లేదు.

తన నమ్మకాల గురించి తానే తర్కించుకునే ప్రోగ్రామ్ రాయాలంటే ఈ మాటలన్నిటినీ విడివిడిగా పట్టుకోగల లాజిక్ కావాలి. అలాంటివి అరడజను పైనే ఉన్నాయి. పీహెచ్‌డీ మొదలుపెట్టిన పిల్లలూ, ఏదో అర్హతల సిస్టమ్ కట్టే ఇంజనీర్లూ 'వీటిలో ఏది మంచిది' అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. అది తేలకుండా ఏ లాజిక్ తీసుకున్నా అమ్మ కాగితం మీద వచ్చిన తప్పే మళ్లీ వస్తుంది.

ముందు ఇది తేల్చుకోండి

తెలియనితనం నుంచి ఒక నిర్ణయానికి దూకడం రెండు రకాలు.

మొదటిది 'మామూలుగా అయితే' రకం. ఫలానా ఆయన రాజమండ్రిలో పుట్టి పెరిగాడని తెలిసింది. తెలుగు రాదనడానికి ఆధారమేమీ లేదు. అయితే తెలుగు వచ్చనుకుని మాట కలుపుతాం. అక్కడ పుట్టిన వాళ్లలో ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లూ ఉంటారు. మన ఊహ తప్పవచ్చు. తప్పినా 'మామూలుగా రాజమండ్రి వాళ్లకి తెలుగు వస్తుంది' అన్న మాట మాత్రం నిజంగానే నిలుస్తుంది.

రెండోది 'ఉంటే తెలిసేది' రకం. దీనికి కృత్రిమ మేధ పరిశోధకుడు రాబర్ట్ మూర్ ఇచ్చిన ఉదాహరణ అన్నయ్యది. నాకు అన్నయ్య లేడు. ఎలా తెలుసు? 'నీకు అన్నయ్య లేడు' అని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అన్నయ్య అంటూ ఉంటే నాకు తెలియకుండా ఉండేది కాదు, తెలియలేదు, కాబట్టి లేడు. ఇందులో 'మామూలుగా మనుషులకి అన్నయ్యలు ఉండరు' అన్న ఊహ ఎక్కడా లేదు. రేపు నిజంగానే ఒక అన్నయ్య ఎదురైతే, 'ఉంటే నాకు తెలిసేది' అని నేను పెట్టుకున్న మాటే తప్పని తేలుతుంది.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ సిస్టమ్ కట్టేటప్పుడు అంతా దీని మీదే ఆధారపడుతుంది. మొదటి రకంలో మీరు లోకం గురించి ఒక అంచనాకి బాధ్యులు. రెండో రకంలో మీ దగ్గరున్న సమాచారం సంపూర్ణమని హామీ ఇస్తున్నారు. విజయవాడ నుంచి ఫలానా ఊరికి నేరుగా రైలు ఉందా అని అడిగితే టైమ్‌టేబుల్ చూసి 'లేదు' అనొచ్చు, ఎందుకంటే ఉంటే ఆ పట్టికలో ఉండి తీరాలి. అలర్జీల గడికి ఆ హామీ ఎవరూ ఇవ్వలేదు. రెండూ డేటాబేసులో ఒకేలా కనిపిస్తాయి, అదే చిక్కు. ఎస్ లేదా నో అడిగే చెక్‌బాక్సుకి డిఫాల్టుగా 'ఫాల్స్' పెట్టిన ప్రతి ప్రోగ్రామరూ, తనకు తెలియకుండానే 'ఉంటే తెలిసేది' అని సంతకం చేస్తున్నాడు.

మన దార్శనికులు ఈ షరతుని చాలా కాలం కిందటే పట్టుకున్నారు. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఒక ప్రత్యేక ప్రమాణంగా (తెలుసుకునే మార్గంగా) ఒప్పుకున్నారు. నేల మీద కుండ కనబడకపోవడం వల్లే కుండ లేదని తెలుస్తుందని వాళ్ల వాదన. న్యాయ దర్శనం వాళ్లు (నైయాయికులు) ఒప్పుకోలేదు, ఆ లేమి కూడా ప్రత్యక్షంతోనే తెలుస్తుందన్నారు. కానీ ఇరుపక్షాలూ అంగీకరించిన మాట ఒకటుంది. కనబడకపోవడం ఒక్కటే చాలదు, ఉంటే కనబడే పరిస్థితి ఉండాలి. చీకటిగదిలో కుండ కనబడకపోతే కుండ లేదని కాదు. దాన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. అమ్మ ఫారం ఆ చీకటిగది.

కాబట్టి కాగితం తీసుకుని మీ సిస్టమ్‌లో ఉన్న ఒక్కో గడికి ఎదురుగా రాయండి: ఇది ఖాళీగా ఉంటే 'లేదు' అనాలా, 'మామూలుగా లేదనుకుందాం' అనాలా, 'తెలీదు' అనాలా. ఆ జాబితా చేతిలో ఉన్నాక కింద చెప్పేవి చదవండి.

హింటికా దారి: బయట నుంచి చూసే లాజిక్

ఫిన్లండ్ తత్వవేత్త యాకో హింటికా 1962లో జ్ఞానానికీ నమ్మకానికీ మోడల్ లాజిక్ ('తెలుసు', 'నమ్ముతున్నాను' లాంటి మాటలకి నియమాలిచ్చే తర్కం) రాశారు. నాకు తెలిసినదానితో పొసగే లోకాలన్నీ ఊహించుకో, వాటన్నిటిలోనూ నిజమైనదే నా నమ్మకం. ఇదీ దాని పునాది. కృత్రిమ మేధలో నమ్మకాలకి ఎక్కువగా వాడే రూపం పేరు కేడీ45. దాని నియమాలు వాడుక మాటల్లో ఇవి: నమ్మకాల నుంచి తర్కంగా వచ్చేవన్నీ నమ్ముతాను, పరస్పర విరుద్ధమైనవి నమ్మను, నమ్మేది నమ్ముతున్నానని నాకు తెలుసు, నమ్మనిది నమ్మడం లేదనీ తెలుసు. నమ్మినదల్లా నిజమే అన్న నియమం కూడా కలిపితే నమ్మకం కాస్తా జ్ఞానమవుతుంది, అది ఎస్5.

అందంగా ఉంటుంది, బాగా అర్థమైన లాజిక్. ఒకే వ్యక్తి అయితే తృప్తి ప్రశ్న (ఇచ్చిన వాక్యాలన్నీ ఒకేసారి నిజం కాగలవా అని తేల్చడం) ఎన్‌పీ స్థాయిలోనే ఉంటుంది, అంటే వెతకడం కష్టమైనా దొరికిన జవాబుని సరిచూడటం తేలిక. ఇద్దరు ముగ్గురు చేరితే ఇంకా కష్టమని భావించే పీ-స్పేస్ స్థాయికి పెరుగుతుంది. 'నీకు తెలుసని నాకు తెలుసని ఆమెకి తెలియదు' లాంటివి రాయాలంటే దీన్ని మించింది లేదు. హాల్పెర్న్, మోజెస్ డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌ని ఈ కళ్లతో చూపించాక, కంప్యూటర్ల మధ్య సందేశాల ప్రోటోకాల్స్ గురించి ఆలోచించే పద్ధతే మారిపోయింది.

కానీ మన పనికి దీనిలో ఒక లోటుంది. ఇది ఏకదిశాత్మకం (మోనోటోనిక్): కొత్త విషయం కలిపితే పాత నిర్ణయాలు పోవు. అన్నయ్య ఉన్నాడని నేను నమ్మడం లేదన్న విషయాన్ని అదే కనిపెట్టుకోదు, మనమే రాసివ్వాలి. అంటే ఒక మనిషి నమ్మకాల్ని బయట నుంచి వర్ణించడానికి ఇది బావుంటుంది. లోపల కూర్చుని 'నా దగ్గర ఏం లేదు' అని చూసుకునే ప్రోగ్రామ్‌కి ఇది సరిపోదు.

ఇంకో సంగతి, దీనిలోని మనిషికి తన నమ్మకాల పర్యవసానాలన్నీ తెలిసిపోతాయి. చదరంగం నియమాలు తెలిస్తే గెలిచే ఎత్తులన్నీ తెలిసినట్టే. దీనికి విరుగుడుగా 1984లో హెక్టర్ లెవెక్ పైకి ఉన్న నమ్మకాన్నీ లోపల దాగిన నమ్మకాన్నీ విడదీశారు. 1988లో ఫేగిన్, హాల్పెర్న్ 'ఎరుక' అనే జల్లెడ పెట్టారు. ఆలోచించే శక్తికి హద్దులున్న ఏజెంటుని మోడల్ చేసేవాళ్లు ఆ రెండూ చూడాలి, మిగతావాళ్లకి అవసరం లేదు.

1980: రైటర్ డిఫాల్టులు, పక్కనే పడిపోయిన ఒక ప్రయత్నం

ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పత్రిక 13వ సంపుటం, 1980. అందులో మూడు వ్యాసాలు ఒకేసారి వచ్చాయి: జాన్ మెకార్తీ సర్కమ్‌స్క్రిప్షన్, రేమండ్ రైటర్ డిఫాల్ట్ లాజిక్, డ్రూ మెక్‌డెర్మట్, జాన్ డాయిల్ కలిసి రాసిన నాన్‌మోనోటోనిక్ లాజిక్. మన కథలో మొదటిది పక్కన పెడదాం, అది నమ్మకాల గురించి మాట్లాడదు.

రైటర్ పద్ధతి 'మామూలుగా అయితే' రకానికి అచ్చంగా కుదురుతుంది. రాజమండ్రిలో పెరిగాడు అని తేలి, తెలుగు వచ్చనుకోవడానికి అడ్డు లేకపోతే, తెలుగు వచ్చు అని తేల్చుకో. ఇది వాక్యం కాదు, ఊహించే నియమం. అందుకే దానికి ఒక బలమూ ఒక బలహీనతా ఉన్నాయి. బలం ఏమిటంటే, వచ్చిన ప్రతి నమ్మకానికీ కింద నేల ఉంటుంది, గాల్లో నిలబడేది ఏదీ రాదు. అడ్డు లేదా అని చూసే మాటా తేల్చే మాటా ఒకటే అయిన 'నార్మల్' నియమాలతోనే రాస్తే కనీసం ఒక్క జవాబైనా వచ్చి తీరుతుంది. బలహీనత: 'నేను నమ్మడం లేదు' అన్న మాటని ఆ భాష లోపల పలకలేం. తన నమ్మకాల గురించి ప్రోగ్రామ్ ఎవరికైనా చెప్పాలన్నా, వాటి మీద ఇంకో నియమం పెట్టాలన్నా దారి లేదు.

మెక్‌డెర్మట్, డాయిల్ ఆ మాటని భాషలోకి తెచ్చారు, 'అడ్డు లేదు' అన్న గుర్తు పెట్టి. కానీ వాళ్ల పద్ధతిలో 'అలా అనుకోవడానికి అడ్డు లేదు', 'అది అబద్ధం' అన్న రెండు వాక్యాలూ పక్కపక్కన ఉన్నా విరుద్ధం కాలేదు. ఈ రోజు దాన్ని ఎంచుకోమని ఎవరికీ చెప్పను. అయితే ఆ లోటుని సరిచేసే ప్రయత్నంలోనే మూర్ లాజిక్ పుట్టింది కాబట్టి దానికి మనం పడ్డ రుణం పెద్దది.

మూర్ ఆటోఎపిస్టెమిక్ లాజిక్: కాగితం మీద వేసి చూద్దాం

ఆటోఎపిస్టెమిక్ అంటే తనకు తెలిసినదాని మీద తానే తర్కించేది. 1985లో మూర్ చెప్పింది ఇది. ఆదర్శంగా తన మనసు తాను చూసుకోగల ఏజెంటు ఉందనుకోండి. దానికి కొన్ని మూల వాక్యాలు ఇచ్చాం. దాని మొత్తం నమ్మకాల మూట ఎలా ఉండాలి? మూటలో ఉన్న ప్రతిదానికీ 'ఇది నమ్ముతున్నాను' అని, లేని ప్రతిదానికీ 'ఇది నమ్మడం లేదు' అని రాసి, మూల వాక్యాలతో కలిపి, తర్కంగా వచ్చేవన్నీ తీయండి. మళ్లీ అదే మూట రావాలి. ఎక్కువా కాదు, తక్కువా కాదు. అలాంటి మూటని ఎక్స్‌పాన్షన్ అంటారు. మెక్‌డెర్మట్, డాయిల్ 'లేనివి' మాత్రమే కలిపారు, మూర్ 'ఉన్నవి' కూడా కలిపారు. మరమ్మతు అంతే.

మొదటి లెక్క. ఒకటే మూల వాక్యం: 'అన్నయ్య ఉన్నాడని నమ్మకపోతే అన్నయ్య లేడు.' మూటలో 'అన్నయ్య ఉన్నాడు' లేదనుకుందాం. అప్పుడు 'ఉన్నాడని నమ్మడం లేదు' అన్నది చేరుతుంది, దాంతో 'లేడు' వస్తుంది. సరిగ్గా సరిపోయింది. ఉన్నాడనుకుని మొదలుపెడితే? ఆ మాటని తెచ్చిపెట్టే వాక్యం ఎక్కడా లేదు, మూట తిరిగి రాదు. జవాబు ఒక్కటే: అన్నయ్య లేడు. బావుంది.

రెండో లెక్క. 'ఇవాళ చుట్టాలొస్తారని నమ్మితే చుట్టాలొస్తారు.' వస్తారన్నది మూటలో లేదనుకుంటే సరిపోతుంది, అది ఒక ఎక్స్‌పాన్షన్. వస్తారన్నది ఉందనుకుంటే? 'నమ్ముతున్నాను' చేరుతుంది, దాని వల్ల 'వస్తారు' వస్తుంది, అదీ సరిపోయింది! నమ్మకం తనని తానే మోసుకుంటూ నిలబడింది. ఎవరూ ఫోన్ చేయలేదు, ఉత్తరం రాయలేదు, అయినా అన్నం ఎక్కువ వండేస్తాం. మూర్ లాజిక్‌లో నాకు నచ్చనిది ఇదొక్కటే, కానీ చిన్నది కాదు. కర్ట్ కొనొలిగె 1988లో ఇలాంటి గాలి నమ్మకాల్ని వడగట్టే గట్టి షరతులు పెట్టారు. రైటర్ నియమాన్ని 'ముందు షరతుని నమ్ముతూ, అడ్డు లేదా అని చూసే మాటకి విరుద్ధమైనది నమ్మకపోతే, తేల్చే మాట నిజం' అని అనువదించి, ఆ గట్టి షరతుకి నిలిచే ఎక్స్‌పాన్షన్లు డిఫాల్ట్ లాజిక్ జవాబులతో సరిపోతాయని చూపించారు. రెండు లాజిక్‌లూ ఒకటే అని ఎవరైనా అంటే ఆ 'గట్టి షరతు' సంగతి అడగండి. అది లేకుండా ఒకటి కావు.

మూడో లెక్క. 'తలుపు తెరిచి ఉందని నమ్మకపోతే తలుపు తెరిచి ఉంది.' నమ్మలేదనుకుంటే నమ్మాల్సి వస్తుంది. నమ్మాననుకుంటే ఆ నమ్మకానికి ఆధారం దొరకదు. ఒక్క ఎక్స్‌పాన్షన్ కూడా లేదు. పెద్ద సిస్టమ్‌లో ఇలాంటి ఒక్క వాక్యం ఏ మూలో దాగి ఉంటే మొత్తం జవాబే రాదు. ఎక్కడుందో వెతకడం ఎంత కష్టమో చేసినవాళ్లకి తెలుసు.

ఖర్చు మాటా చెప్పాలి. ఎక్స్‌పాన్షన్ ఉందా లేదా తేల్చడం మామూలు ఎన్‌పీ కంటే ఒక మెట్టు పైన ఉంటుందని, రైటర్ లాజిక్‌దీ అదే మెట్టని గేయోర్గ్ గోట్లొబ్ 1992లో చూపించారు. నేరుగా మూర్ లాజిక్‌తో ఉత్పత్తి స్థాయి సిస్టమ్ కట్టమని నేను చెప్పను. కానీ పైన వేసిన మూడు లెక్కలూ మీ చేత్తో ఒకసారి వేయండి. మిగతా లాజిక్‌లన్నీ ఈ మూడింటి దగ్గర ఏం చేస్తాయో చూస్తే వాటి స్వభావం తెలిసిపోతుంది.

లెవెక్: 'నాకు తెలిసింది ఇంతే'

'నాకు ఇది తెలుసు' అంటే ఇంకేదైనా కూడా తెలిసి ఉండొచ్చు. 'నాకు ఇంతే తెలుసు' అంటే ఇంకేం లేదు. ఆ 'ఇంతే'ని ఒక గుర్తుగా పెట్టి లెవెక్ 1990లో కొత్త లాజిక్ రాశారు. నాకు బాగా ఇష్టమైనది ఇదే. మూర్ లాజిక్‌లో మూటల లెక్క అంతా భాష బయట, మనం కాగితం మీద చేసేది. ఇక్కడ అది భాష లోపలికి వచ్చింది. 'నాకు తెలిసింది ఇంతే అయితే, అన్నయ్య లేడని నాకు తెలుసు' అన్నది ఒక మామూలు వాక్యం, దాన్ని రుజువు చేయొచ్చు. చుట్టాల లెక్కలో 'ఇంతే తెలుసు' అంటే రెండు స్థితుల్లో ఏదో ఒకటి అని వస్తుంది. తలుపు లెక్కలో 'ఇంతే తెలుసు' అనడమే అసాధ్యమని తేలుతుంది. గాలి నమ్మకం మాయం కాలేదు, నిజమే, కానీ కళ్లెదుట కనబడుతుంది.

ఇంకో గొప్ప సుళువు. ఊళ్లో ఒక డాక్టరున్నాడని తెలియడం వేరు, ఆయన ఎవరో తెలియడం వేరు. ఇలాంటి 'ఎవరో ఒకరు' వాక్యాల్ని ఇది మొదటి నుంచీ జాగ్రత్తగా చూసుకుంటుంది. సిస్టమ్ ఏం జవాబివ్వాలో స్పెసిఫికేషన్ రాసేటప్పుడు, థీసిస్ రాసేటప్పుడు, ఇద్దరు ఇంజనీర్లు 'ఇది తెలిసినట్టా కాదా' అని వాదించుకునేటప్పుడు దీన్ని తీసుకోండి. రన్ చేయడానికి కాదు, తేల్చుకోవడానికి.

రేపు పొద్దున పని జరగాలంటే: ఆన్సర్ సెట్ ప్రోగ్రామింగ్

1987లో మైకేల్ గెల్ఫండ్ ఒక సంగతి గమనించారు. ప్రోలాగ్ అనే లాజిక్ ప్రోగ్రామింగ్ భాషలో 'నాట్' అని రాసేదాన్ని 'నమ్మడం లేదు' అని చదివితే లాజిక్ ప్రోగ్రామ్‌లకి మూర్ లాజిక్ నుంచి అర్థం వస్తుంది. మరుసటి ఏడాది ఆయనా వ్లాదిమిర్ లిఫ్షిట్స్ కలిసి స్టేబుల్ మోడల్ అర్థవిధానం ఇచ్చారు. ఆన్సర్ సెట్ ప్రోగ్రామింగ్ దాని మీదే నిలబడింది. అలాంటి ప్రోగ్రామ్‌లకి జవాబులు (ఆన్సర్ సెట్లు) వెతికిపెట్టే క్లింగో, డీఎల్‌వీ అనే సాల్వర్లని ఇవాళ ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అంటే మూర్ ఆలోచన ఈ రోజు పరిశ్రమలో బతికి ఉన్నది ఈ రూపంలోనే.

మన లెక్కలు వేసి చూడండి. చుట్టాల లెక్క ఇక్కడ ఒకటే జవాబిస్తుంది, అందులో 'చుట్టాలొస్తారు' అన్నది లేదు. గాలి నమ్మకం తనంతట తానే రాలిపోయింది. తలుపు లెక్కకి ఇక్కడా జవాబు లేదు, కానీ దాన్నే 'ఇలా జరగకూడదు' అన్న నిబంధనగా వాడుకోవడం ఇక్కడి అలవాటు. 'ఇదో అదో' అని ఆర్-తో తేల్చే నియమాలు లేకపోతే ఖర్చు ఎన్‌పీ మెట్టు దగ్గరే ఆగుతుంది.

అన్నిటికంటే విలువైనది రెండు రకాల కాదనడం. 1991 నాటికి గెల్ఫండ్, లిఫ్షిట్స్ 'నమ్మడం లేదు' అనే 'నాట్'కి తోడు 'కాదని తెలుసు' అనే గట్టి నిషేధం కూడా చేర్చారు. దీనికి మెకార్తీ చెప్పిన ఉదాహరణ రైలు పట్టాలు దాటే స్కూల్ బస్సు. 'రైలు వస్తోందని తెలియకపోతే దాటు' అని ఒక నియమం. 'రైలు రావడం లేదని తెలిస్తే దాటు' అని ఇంకో నియమం. అక్షరాల్లో తేడా అతి తక్కువ. 2014 జులైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలాలేని గేటులో స్కూల్ బస్సుని రైలు ఢీకొట్టడం గుర్తున్న మనకి ఇది పాఠంలో ఉదాహరణలా అనిపించదు. మీ కోడ్‌లో ప్రాణాలకో డబ్బుకో సంబంధించిన ప్రతి 'నాట్' దగ్గరా ఆగి, ఇది ఆ రెంటిలో ఏది అని అడగండి.

ఎక్కడ చాలదంటే, జవాబులు ఒకటి కంటే ఎక్కువ వచ్చే చోట. గెల్ఫండే ఇచ్చిన స్కాలర్‌షిప్ ఉదాహరణని మన పేర్లతో చూద్దాం. మార్కులు ఎక్కువుంటే అర్హుడు. మార్కులు మధ్యస్థంగా ఉండి ప్రత్యేక వర్గానికి చెందితే కూడా అర్హుడు. అర్హుడో కాదో తేలకపోతే ఇంటర్వ్యూకి పిలవాలి. రవి మార్కులు ఎక్కువో మధ్యస్థమో, రెంటిలో ఏదో ఒకటని మాత్రం తెలుసు. ప్రత్యేక వర్గమో కాదో తెలీదు. మామూలు ఆన్సర్ సెట్ పద్ధతి రెండు లోకాలు ఇస్తుంది. ఒకదానిలో రవి అర్హుడు, ఇంటర్వ్యూ వద్దు. రెండోదానిలో తేలలేదు, ఇంటర్వ్యూ కావాలి. ఏ లోకానికి ఆ లోకం తన సంగతే చూసుకుంది. రవి విషయం మొత్తం మీద మనకి తేలలేదు, పిలవాలి అన్న సంగతి ఏ లోకంలోంచీ కనబడదు. అందుకే 1991లో ఆయన ఎపిస్టెమిక్ స్పెసిఫికేషన్స్ తెచ్చారు. అన్ని జవాబుల్లోనూ ఉన్నదే 'తెలిసింది' అని అడిగే గుర్తు చేర్చారు. దాంతో రవికి పిలుపు వెళ్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ విస్తరణకి అర్థం ఏమిటన్న దాని మీద పండితులు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. గాలి నమ్మకాల సమస్య ఇక్కడ మళ్లీ తలెత్తి, దాన్ని సరిచేస్తూ పలు రూపాలు వచ్చాయి. వాడే సాల్వర్ ఏ రూపాన్ని అనుసరిస్తుందో చదువుకుని, చుట్టాల లెక్కని దానిమీద నడిపి చూసి, అప్పుడు నమ్మండి.

పొరబడి తీసుకునే రెండు

ఆంటాలజీలతో (ఒక రంగంలోని భావనల్నీ వాటి సంబంధాల్నీ రాసిపెట్టే పట్టికలతో) పని చేసేవాళ్లది ప్రత్యేకమైన ఇబ్బంది. అక్కడ లోకం తెరిచి ఉంటుంది, రాయనిది లేదని కాదు. డేటాబేసుల్లో మూసి ఉంటుంది, 1978లో రైటర్ దీనికి క్లోజ్డ్ వరల్డ్ అసంప్షన్ అని పేరు పెట్టారు. రెండూ కలపాలంటే 'తెలుసు' అన్న గుర్తునీ 'నాట్'నీ ఒకే భాషలో పెడుతూ లిఫ్షిట్స్ 1991లో మొదలుపెట్టిన ఎంకేఎన్ఎఫ్ అనే లాజిక్ తీసుకోండి. దాన్ని ఆధారం చేసుకుని మోటిక్, రోసాటి ఆంటాలజీలు రాసే డిస్క్రిప్షన్ లాజిక్‌నీ నియమాల్నీ జతచేశారు. ఆంటాలజీ అవసరం లేకుండా దీని జోలికి వెళ్లొద్దు.

ఏజీఎం అనేది వేరే సమస్యకి మందు. ఆల్చురోన్, గార్డెన్‌ఫోర్స్, మేకిన్సన్ 1985లో అడిగిన ప్రశ్న: నమ్మేదానికి విరుద్ధమైన కొత్త వార్త వస్తే పాత నమ్మకాల్లో వేటిని వదులుకోవాలి? మూర్ది ఒక క్షణంలో ఉన్న మనసు చిత్రం, వీళ్లది ఒక మనసు నుంచి ఇంకో మనసుకి మారే దారి. 'ప్రోగ్రామ్ తన నమ్మకాల్ని మార్చుకోవాలి' అని స్పెసిఫికేషన్‌లో ఉంటే ఆ 'మార్చుకోవడం' ఏమిటో అడగండి. తెలియనిచోట కొత్త వివరం నిండడమా, తెలిసింది తప్పని తేలడమా? మొదటిదానికి పైన చెప్పిన లాజిక్‌లు చాలు. రెండోదానికే ఇది.

నేనైతే

రికార్డులు, అర్హతలు, నిబంధనలు ఉన్న పనికి రెండు నిషేధాలతో ఆన్సర్ సెట్ ప్రోగ్రామింగ్. డిఫాల్టులు ఎక్కువున్న డొమైన్ అయితే కాగితం మీద రైటర్ పద్ధతిలో రాసుకుని ఇందులోకే దించుతాను. ఒకరి ఎరుక మీద ఇంకొకరి ఎరుక ఉన్నచోట హింటికా దారి. సిస్టమ్‌కి ఏం తెలుసో తెలీదో సరిగ్గా నిర్వచించాల్సి వస్తే లెవెక్.

ఇప్పుడు చాలామంది లాంగ్వేజ్ మోడల్‌ని మధ్యలో పెట్టి కడుతున్నారు. అది 'నాకు తెలీదు' అని రాసినంత మాత్రాన అది మూర్ చెప్పిన ఆత్మపరిశీలన కాదు. ఇక్కడ దాని నమ్మకాల మూట ఇది అని చూపించే హద్దు లేదు, కాబట్టి 'మూటలో లేదు' అన్న మాటకి అర్థం తేలదు. దాన్ని చదవడానికి వాడండి: డాక్టరు రాత నుంచి వాక్యాలు తీయడం, ప్రతి గడికీ 'ఉంది', 'లేదు', 'ప్రస్తావన లేదు' అని మూడిట్లో ఒకటి రాయడం. ఆ మూడోది పోకుండా కాపాడటమే అక్కడ అసలు పని. నిర్ణయం మాత్రం పక్కన, హద్దు గీసి ఉన్న నియమాల పొరలో జరగాలి.

అమ్మ ఫారం కోసం ఆ పొర ఎలా ఉండాలో ఆ తర్వాత కూర్చుని రాశాను. నాలుగు నియమాలే వచ్చాయి.

అలర్జీ గురించి అడిగినట్టూ, లేవని రోగి చెప్పినట్టూ ఉంటే: అలర్జీలు లేవు.

ఫలానా మందు పడదని ఎవరైనా చెప్పినట్టు ఉంటే: ఆ మందుల వర్గం మొత్తం ఆపు.

అలర్జీలు లేవనీ తెలియక, ఉన్నాయనీ తెలియకపోతే: అడగాలి.

అడగాలి అని ఉన్నంతవరకూ: డిశ్చార్జి కాగితం మీద ఆ గడిలో 'లేవు' అని అచ్చు వేయకూడదు, 'అడగలేదు' అని వేయాలి.